రిపోర్టుల లైను

కాలేజీలో చేరేనాటికి గ్లోరియాకు ముప్పై తొమ్మిదేళ్లు. పటాన్‌చెరు దాటాక పెద్ద రోడ్డు మీదున్న ఎనభై పడకల ప్రైవేటు ఆసుపత్రిలో, ఓపీ కౌంటర్ వెనక, అప్పటికి పదహారేళ్లుగా కూర్చుంటోంది. పేరేంది, ఏ ఊరు, ఎన్నేండ్లు, ఏం తక్లీఫ్ అని రోజుకు రెండు వందల మందిని అడిగి, చీటీ రాసి, ఏ గదికి పోవాలో చెయ్యి చాపి చూపించడం ఆమె పని. ఫ్యాక్టరీల్లో పనిచేసే ఒడియావాళ్లతోనూ బిహారువాళ్లతోనూ మాట్లాడీ మాట్లాడీ వాళ్ల భాషలో నొప్పికీ జ్వరానికీ ఉన్న మాటలన్నీ ఆమెకు పట్టుబడ్డాయి. డాక్టర్లు మారారు, యజమానులు మారారు, కౌంటర్ అద్దం రెండుసార్లు మారింది. గ్లోరియా మాత్రం అక్కడే ఉంది.

ఓపీ ఇన్‌చార్జి దుర్గాప్రసాద్‌గారు ఇంకో రెండేళ్లలో రిటైరవుతారనగా, ఆసుపత్రి పాలన చూసే రామలింగేశ్వరరావుగారు ఆమెను పైకి పిలిపించారు.

“పని నీకు వచ్చని నాకు తెలుసమ్మా. ఆయన లేని రోజు ఆయన పని నువ్వే చేస్తున్నావు. కానీ కొత్తగా నాణ్యత సర్టిఫికెట్ కోసం పెట్టుకున్నాం కదా, వాళ్లకు కాగితం కావాలి. హాస్పిటల్ మేనేజ్‌మెంట్ చదివినవాళ్లే ఆ కుర్చీలో ఉండాలట. నీకు బీఏ ఉంది. ఈ రెండేళ్లలో ఇది కూడా చదివేస్తే కుర్చీ నీకే ఇస్తాను. లేదంటే బయటినుంచి ఎవరినో తేవాలి.”

కుర్చీ మీద గ్లోరియాకు అంత మోజేమీ లేదు. బయటినుంచి వచ్చే ఆ ఎవరికో మళ్లీ మొదటినుంచి పని నేర్పాల్సింది తనే అని తట్టింది. ఆ ఆలోచనకే ఒళ్లు బరువెక్కింది. సరే సార్ అంది.

కాలేజీ సంగారెడ్డి వైపు. గురు, శుక్ర, శనివారాలు మధ్యాహ్నం మూడు నుంచి ఆరున్నర దాకా క్లాసులు, రెండు వారాలకోసారి ఆదివారం పూర్తిగా. ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు అనుకూలమని కాలేజీవాళ్లు పెట్టిన వేళలు అవి. గ్లోరియా డ్యూటీ పొద్దున ఆరింటికి మొదలై రెండింటికి దిగుతుంది. దిగీ దిగగానే రోడ్డు దాటి, ఆధార్ కార్డు చేతిలో పట్టుకుని బస్సెక్కేది. ఆడవాళ్లకు టికెట్టు లేని ప్రయాణం కాబట్టి బస్సు నిండా వాళ్లే. పోతిరెడ్డిపల్లి చౌరస్తా దాకా నిలబడే పోయేది. కడ్డీ పట్టుకుని నిలబడి నిద్రపోవచ్చని ఆమెకు ఆ ఏడాదే తెలిసింది.

క్లాసులో ఇరవై ఆరుగురు. సగంమంది డిగ్రీ అవగానే వచ్చినవాళ్లు. పక్క సీటులో కూర్చునే తనుశ్రీకి ఇరవై రెండేళ్లు, ఆమె గ్లోరియాను మొదటి రోజు ‘మేడమ్’ అని, రెండో వారానికల్లా ‘అక్కా’ అని పిలిచింది. పాఠం చెప్పే శ్రావణ్‌కుమార్ సారుకూ ముప్పై దాటలేదు. బాగా చదువుకున్నవాడు, ఓపిగ్గా చెప్పేవాడు. కౌంటర్ వెనక ఒక్కరోజు కూడా కూర్చోలేదని మాత్రం ఆయన మాట్లాడుతుంటే తెలిసిపోయేది. గ్లోరియా రోజూ చేసే పనులన్నిటికీ పుస్తకంలో ఇంగ్లీషు పేర్లున్నాయి. ఆ పేర్లు రాసుకుంటూ రాసుకుంటూ ఆమె కునుకులోకి జారిపోయేది. సారు లేపేవారు కాదు. ఒకసారి కళ్లు తెరిచేసరికి క్లాసు అయిపోయి గది ఖాళీగా ఉంది. తనుశ్రీ ఒక్కతే పక్కన కూర్చుని ఫోను చూసుకుంటోంది.

“లేపకపోయినవా?” అంది గ్లోరియా.

“లేపబుద్ధి కాలేదక్కా. నోట్సు నీకు పంపిన.”

మొదటి సెమిస్టర్‌లో స్టాటిస్టిక్స్ తప్పింది. మూడు మార్కులు తక్కువ. ఆ రాత్రి చిట్కుల్‌లో తాముండే కిరాయి ఇంట్లో, మంచం అంచున కూర్చుని కాళ్లు చూసుకుంది. మడమల దగ్గర వాచి, చెప్పుల పట్టీ గుర్తులు లోతుగా పడ్డాయి. భర్త సుందర్‌రాజు ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేస్తాడు. ఆయన కూడా అప్పుడే వచ్చి స్నానం చేస్తున్నాడు.

“అత్తమ్మా, ఇగ నాతోని కాదు. మానేస్త,” అంది.

అత్త సువార్తమ్మ పొయ్యి దగ్గరనుంచి కదలలేదు. “మానేస్తే మానెయ్ బిడ్డా. నీ ఇష్టం. గాని గీ ఆర్నెల్లు రెండు పూటలా వండి పెట్టిన గద, అది నాకు ఎట్ల వాపస్ ఇస్తవో చెప్పి మానెయ్.”

సువార్తమ్మ పళ్లెంలో అన్నం పెట్టి తెచ్చి చేతికిచ్చింది. “తిను. రేపు ఐతారం. క్లాసుందా, చర్చికి వస్తవా?”

“క్లాసుంది.”

“అయితే జల్దీ పడుకో.”

మానేసే మాట మళ్లీ రాలేదు.

మూడో సెమిస్టర్‌లో ప్రాజెక్టు చెయ్యాలి. ఒక ఆసుపత్రిని తీసుకుని, అక్కడి పనిలో ఏదైనా ఒక చిక్కును కొలిచి రాయాలి. గ్లోరియా తన ఓపీనే తీసుకుంది. దూరం పోయే ఓపిక లేక తీసుకుందే తప్ప వేరే ఉద్దేశమేమీ లేదు. పేషెంటు గేటులోపలికి వచ్చిన దగ్గరనుంచి బయటికి పోయేదాకా ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగాడన్నది లెక్క. రోజుకు ఇరవై మందికి గేటు దగ్గరే ఒక చిన్న కాగితం ఇప్పించి, కౌంటర్‌లో దాన్ని చీటీకి గుచ్చింది. గేటు, కౌంటర్, డాక్టరు గది, ల్యాబు, రిపోర్టు, మళ్లీ డాక్టరు గది, ఇలా ఒక్కోచోట అక్కడున్నవాళ్లు టైము రాయాలి. కౌంటర్‌లో కొత్తగా చేరిన చంద్రిక చురుకైన పిల్ల, ఆమె సాయం పట్టింది. దాచుకున్న సెలవులు వాడుకుని గ్లోరియా పన్నెండు రోజులు సాయంత్రం దాకా అక్కడే తిరిగింది. రెండు వందల నలభై కాగితాలు పోగయ్యాయి.

వాటిలో ఒక కాగితం మీద వచ్చిన టైము ఐదూ ఇరవై అని ఉంది. గేటు దగ్గరి సెక్యూరిటీ తప్పు రాశాడేమోనని ఆ మనిషిని వెతికింది. బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. పెద్దరాములు, లక్డారం. షుగరు పేషెంటు, నెలకోసారి వస్తాడు. గ్లోరియా పుట్టిల్లూ లక్డారమే. ఆమె తండ్రితో పాటు ఆయన కంకర మిల్లులో పనిచేసినవాడు.

“పెద్దయ్యా, ఇంత పొద్దుగాల వచ్చి ఏం జేస్తవ్? కౌంటర్ తెరిచేదే ఆరింటికి, డాక్టర్ వచ్చేది తొమ్మిదింటికి.”

“మా కొడుకు ఫస్ట్ షిఫ్ట్ పోతడు బిడ్డా. పోతా పోతా బండి మీద దించిపోతడు. షిఫ్ట్ దిగినంక రెండున్నరకు వచ్చి తీస్కపోతడు.”

“రెండున్నర దాక ఉంటవా?”

“నా పనే గప్పటి దాక కాదు గద. ఏం తినకముందు రక్తం ఇయ్యాలె, తిన్నంక రెండు గంటలకు మళ్ల ఇయ్యాలె. రిపోర్టు వచ్చినంక మళ్ల లైన్ల నిలబడాలె. పోయిన నెల నా వంతు వచ్చేసరికి డాక్టర్ సాబ్ లేచిండు. తెల్లారి మళ్ల వచ్చిన.”

ఈ మాట ఆయన ఫిర్యాదులా చెప్పలేదు. ఎండ ఎక్కువగా ఉందని చెప్పినట్టు చెప్పాడు. గ్లోరియా కాగితం మీద ఐదూ ఇరవైని అలాగే ఉంచింది.

ఆ కాగితాలన్నీ తనుశ్రీ తన ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి పట్టికలు చేసిపెట్టింది. ఆలస్యమంతా డాక్టర్ల దగ్గరే ఉంటుందని గ్లోరియా పదిహేడేళ్లుగా నమ్ముతూ వచ్చింది. లెక్కలో అలా తేలలేదు. మొదటిసారి డాక్టరును చూడటానికి ముప్పై ఐదు నిమిషాలు. ల్యాబులో యాభై. రిపోర్టు చేతికొచ్చాక మళ్లీ డాక్టరు దగ్గరికి పోవడానికి గంటా యాభై నిమిషాలు.

శ్రావణ్‌కుమార్ సారు ఆ అంకె కింద పెన్సిలుతో గీత గీశారు.

“మీ సమస్య ఇక్కడుందండీ. రిపోర్టు వచ్చినవాళ్లు మళ్లీ లైను చివరికి పోయి, కొత్తవాళ్ల వెనక నిలబడుతున్నారు. వాళ్లకు డాక్టరుతో పని రెండు నిమిషాలే, ఆగేది రెండు గంటలు. ఈ రూలు ఎవరు పెట్టారు? మేనేజ్‌మెంటా?”

“కనుక్కుంట సార్,” అంది గ్లోరియా.

“అలాగే, పొద్దున ఆరులోపు వచ్చినవాళ్లున్నారు చూడండి, వాళ్లను తీసెయ్యండి. వాళ్లవల్ల సగటు పాడవుతుంది. మామూలు పేషెంటు అంత ముందు రాడు కదా.”

“గసొంటోళ్లు ముప్పై ఒక్కమంది ఉన్నరు సార్. కొడుకులో అల్లుండ్లో డ్యూటీకి పోతా దించిపోతరు. మాకాడ వాళ్లే మామూలు పేషెంట్లు.”

సారు కాసేపు పట్టికను చూశారు. “అయితే ఉంచండి. విడిగా ఒక పట్టిక పెట్టి, కారణం రాయండి,” అన్నారు.

తిరుగు బస్సులో ఆ రోజు సీటు దొరికింది. అయినా నిద్ర రాలేదు. రూలు ఎవరు పెట్టారో కనుక్కునే పని ఆమెకు లేదు.

పదకొండేళ్ల కింద, డెంగీ జ్వరాలు విపరీతంగా ఉన్న ఒక సోమవారం. రిపోర్టు పట్టుకుని ఒకతను నేరుగా డాక్టరు గదిలోకి పోయాడు. పిల్లను భుజాన వేసుకుని గంటన్నరగా లైనులో ఉన్న ఒకామె అడ్డం వచ్చింది. మాటా మాటా పెరిగి, వెనకున్నవాళ్లు కలబడి, ఎవరి మోచెయ్యో తగిలి కౌంటర్ అద్దం పగిలింది. గ్లోరియా చెయ్యి కోసుకుపోయింది. కట్టు కట్టించుకుని వచ్చి, ఎడమ చేత్తో కాగితం పట్టుకుని, స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాలతో రాసింది. ‘రిపోర్టులు ఉన్నవారు కూడా లైనులోనే రావాలి.’ దాన్ని గోడకు అంటించింది. మర్నాటినుంచి కొట్లాటలు ఆగిపోయాయి. నాలుగు నెలలకు ఆ కాగితం చిరిగిపోతే ఎవరో ప్రింటు తీసి పెట్టారు. కొత్త యజమానులు వచ్చి గోడలకు రంగులు వేయించినప్పుడు అదే మాట నీలం అక్షరాల బోర్డు అయింది. ఆ బోర్డు ఎక్కడినుంచి వచ్చిందని ఎవరూ అడగలేదు. రాసిన మనిషే మర్చిపోయింది.

ఆ బోర్డు కింద రోజూ ఎంతమంది నిలబడి ఉంటారో, పదకొండేళ్లకు ఎంతమందో, ఎంతమంది తెల్లారి మళ్లీ వచ్చారో లెక్క వేయబోయి మానుకుంది. అంత లెక్క చేసే బలం ఆ పూట లేదు.

ఇంటికి పోయాక సుందర్‌రాజుతో చెప్పింది.

“గా రోజు కొట్లాట ఆపినవ్ గద,” అన్నాడు. “నీ చెయ్యి తెగింది. నేనే వచ్చి తీస్కొచ్చిన.”

“ఆపిన. ఆపి మర్చిపోయిన. మళ్ల ఒక్కనాడు కూడ గటు చూడలే.”

“కౌంటర్ల కూసున్నదానివి, లైను ఎనక ఏమైతుందో నీకెట్ల కనబడతది?”

ఓదార్చడానికే అన్నాడు. కానీ గ్లోరియాకు ఆ మాట లోపల ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది.

ప్రాజెక్టు రిపోర్టు రాసేటప్పుడు ‘ఈ రూలు నేనే పెట్టాను’ అని రాయమంది. తనుశ్రీ టైపు చేస్తూ ఆగింది. “ప్రాజెక్టుల ‘నేను’ అని రాయొద్దంటరక్కా.” చివరికి ‘ఈ నియమం సిబ్బంది చేత ప్రవేశపెట్టబడినది’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం పడింది. గ్లోరియా దాన్ని రెండుసార్లు చదివి ఊరుకుంది.

కాలేజీకి రిపోర్టు ఇచ్చేస్తే ఆమె పని అయిపోయినట్టే. మార్కులకు అంతే చాలు. అయినా ఆ శుక్రవారం పొద్దున మేడెక్కి రామలింగేశ్వరరావుగారి గదికి పోయింది. ఆయన పట్టికలు చూశారు, తల ఊపారు.

“బాగుందమ్మా. కానీ ఇన్‌స్పెక్షన్ అయ్యేదాకా ఏదీ కదపొద్దు. ఆ బోర్డు కూడా మనం పంపిన ఫొటోల్లో ఉంది.”

“ఇన్‌స్పెక్షన్ ఎప్పుడు సార్?”

“మూడు నెలలు అనుకో, ఆరు నెలలు అనుకో.”

గ్లోరియా కుర్చీలో కూర్చునే ఉంది. లేవాలనిపించలేదు. “బోర్డు ముట్టుకోను సార్. సోమవారంనుంచి లైను మార్చి చూస్త. లొల్లి అయితే బాధ్యత నాది.”

ఆయన ఆమె ముఖంలోకి చూశారు. ఏం కనిపించిందో గాని, కాగితాలు సర్దుకుంటూ, “నువ్వు నాకు చెప్పలేదు, నేను వినలేదు,” అన్నారు.

సోమవారం పొద్దున రిపోర్టులవాళ్లకు పసుపు చీటీలు ఇచ్చారు. ముగ్గురు కొత్తవాళ్లు లోపలికి పోయాక ఒక పసుపు చీటీ పోవాలి. పదింటికే గొడవ మొదలైంది. ఫ్యాక్టరీ యూనిఫాంలో ఉన్న ఒకాయన, “నేను ఏడింటినుంచి ఉన్న. వీడు ఇప్పుడొచ్చి లోపలికెట్ల పోతడు?” అని గొంతు పెంచాడు. గ్లోరియా కౌంటర్ చంద్రికకు వదిలేసి బయటికి వచ్చింది. డాక్టరు గది తలుపు పక్కన, రెండు లైన్ల మధ్య నిలబడింది. “అన్నా, ఆయన నీకంటె ముందు ఒకసారి లైన్ల నిలబడి పోయిండు. ఇప్పుడు కాగితం చూపెట్టి వస్తడు, రెండు నిమిషాలు. రేపు నీకు రిపోర్టు వస్తే నువ్వు కూడ గిట్లనే పోతవ్.” ఇదే మాట తెలుగులో, హిందీలో, మధ్యాహ్నం దాకా చెప్తూనే ఉంది. రెండింటికి గొంతు పోయింది. కూర్చుంటే లేవలేనని గోడకు ఆనుకునే నీళ్లు తాగింది.

మంగళవారం కూడా నిలబడింది. బుధవారం కూడా. ఐదో రోజుకు గొడవలు తగ్గి, లైనులో ముందున్నవాళ్లే వెనకున్నవాళ్లకు చెప్పడం మొదలుపెట్టారు. రెండో వారం చివర చంద్రిక మళ్లీ టైములు రాసి చూపించింది. గంటా యాభై నిమిషాలు కాస్తా నలభై నిమిషాలయింది. ఆ అంకె చూస్తే సంతోషం వస్తుందనుకుంది గ్లోరియా. ఇంటికి పోయి పడుకోవాలన్న కోరిక తప్ప ఏమీ రాలేదు.

ఆ నెల పెద్దరాములు వచ్చినప్పుడు పదకొండున్నరకల్లా ఆయన పని అయిపోయింది. మందులు కూడా తీసుకున్నాడు. ఒంటి గంటకు గ్లోరియా అటు పోతే ఆయన ఇంకా బెంచీ మీదే ఉన్నాడు.

“అయిపోలేదా పెద్దయ్యా?”

“ఎప్పుడో అయింది బిడ్డా. మంచిగనే అయింది. కొడుకు రావాలె గద, రెండున్నరకు.”

ఆమె పక్కనే కూర్చుంది. తన కాగితంలో దీనికి గడి లేదు. ఫ్యాక్టరీ షిఫ్టులు ఆమె చేతిలో లేవు.

“ఇంతకుముందు నిలబడుతుంటి,” అన్నాడు పెద్దరాములు. “ఇప్పుడు కూసుంటున్న. మోకాళ్లకు జెర సుఖం ఉంది.”

వైవాకు హైదరాబాదునుంచి ఒక పెద్ద ప్రొఫెసర్ వచ్చారు. పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగి, “ఈ నియమం ప్రవేశపెట్టిన సిబ్బందితో మాట్లాడారా? వాళ్లు అలా ఎందుకు చేశారట?” అని అడిగారు.

“అది నేనే సార్,” అంది గ్లోరియా. “కొట్లాట ఆపనీకి పెట్టిన. తర్వాత తీసేయడం యాది మర్చిన.”

ఆయన కళ్లద్దాలు తీసి ఆమెను చూశారు. శ్రావణ్‌కుమార్ సారు తల దించుకున్నారు. తర్వాత ప్రొఫెసర్‌గారు లైను పొడవును లెక్కగట్టే సూత్రం ఒకటి అడిగారు. గ్లోరియాకు గుర్తు రాలేదు. సగం చెప్పి ఆగిపోయింది. “ఫర్వాలేదు, వెళ్లిరండి,” అన్నారు.

యాభై ఎనిమిది శాతంతో ప్యాసయింది. స్టాటిస్టిక్స్ రెండోసారి రాసి గట్టెక్కింది. సువార్తమ్మ చర్చిలో అందరికీ చెప్పింది, పాస్టరుగారు ప్రార్థనలో పేరు చదివారు. ఆ ఆదివారం గ్లోరియా అక్కడ లేదు. పదకొండింటిదాకా నిద్రపోయింది, ఎవరూ లేపలేదు.

జూన్‌లో దుర్గాప్రసాద్‌గారు రిటైరయ్యారు. రామలింగేశ్వరరావుగారు మాట నిలబెట్టుకున్నారు. కౌంటర్ వెనక చిన్న గది, ఒక బల్ల, ఒక కంప్యూటరు. ఆరింటికి రావక్కరలేదు గాని, సాయంత్రం ఏడు లోపు పోయిన రోజు లేదు. కాళ్ల వాపు కొంచెం తగ్గింది. నడుము నొప్పి కొత్తగా పట్టుకుంది.

మొదటి నెల డ్యూటీల పట్టిక వేస్తుంటే చంద్రిక వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

“అక్కా, నాకు పొద్దుగాల డ్యూటీ ఇస్తవా? నేను కూడ గా కోర్సుల చేరుదామనుకుంటున్న. ఫారం తెచ్చుకున్న.”

గ్లోరియా తల ఎత్తి చూసింది. పిల్లకు ఇరవై నాలుగేళ్లుంటాయి. మంచి పనేనని చెప్పాలో, ఆలోచించుకోమని చెప్పాలో తేల్చుకోలేకపోయింది.

“కష్టమా అక్కా?”

“కష్టమే.”

“చేయొచ్చా మరి?”

“చేయొచ్చు.”

గ్లోరియా ఇంకేమైనా చెబుతుందేమోనని చూసి, సరే అక్కా అని చంద్రిక వెళ్లిపోయింది. గ్లోరియా ఆమె పేరును పొద్దుటి గడిలో రాసింది. రాశాక పొద్దున నలుగురయ్యారు, సాయంత్రానికి ఒక్కరే మిగిలారు. ఎవరినో ఒకరిని కిందికి, సాయంత్రం గడిలోకి దింపాలి. ఒకామెకు చంటిపిల్ల ఉంది. ఒకామె సుల్తాన్‌పూర్‌నుంచి వస్తుంది, రాత్రి ఎనిమిది దాటితే ఆటో దొరకదు. ఇంకొకామె పోయిన నెలంతా సాయంత్రమే చేసింది. గ్లోరియా రబ్బరు తీసుకుని, మూడు పేర్లనూ మళ్లీ మొదటినుంచి చూడసాగింది.